రెండు చిప్పల్లో చింతగింజలు

1981లో నేను తిరుత్తణికీ ఆర్.కె.పేటకూ మధ్య ఉన్న ఒక నేతగాళ్ళ ఊళ్ళో, మిడిల్ స్కూల్లో సైన్సు టీచరుగా ఉన్నాను. కాపురం తిరువళ్ళూరులో. పొద్దున్నే రైలెక్కి తిరుత్తణిలో దిగి, అక్కడ టౌన్ బస్సు పట్టుకుని బడికి చేరేసరికి సగం ఓపిక అయిపోయేది. మిగిలిన సగం పిల్లలు లాక్కునేవాళ్ళు. ఊళ్ళో మాట్లాడేది తెలుగు, బోర్డుల మీద ఉండేది తమిళం, మా తెలుగు మీడియం సైన్సు పుస్తకంలో ఉండేది మాత్రం ఈ రెండూ కాదు, ఎవరూ ఎక్కడా మాట్లాడని మూడో భాష.

ఆ పుస్తకంలో ఏడో తరగతికి ప్రయోగం ఎలా చెయ్యాలో చెప్పే పాఠం ఒకటి ఉండేది. అందులో ‘చరరాశి’ అన్న మాట వినగానే పిల్లల కళ్ళు మూతలు పడేవి. అందుకని నేను వేరియబుల్ అనే చెప్పేదాన్ని. మారేది ఏదైనా వేరియబులే. ప్రయోగంలో మనం చేత్తో మార్చేది ఒకటి, దాన్ని బట్టి మారేది ఒకటి, తక్కినవన్నీ కదలకుండా పట్టి ఉంచాలి. అలా పట్టి ఉంచడాన్ని కంట్రోల్ అంటారు. ఒకేసారి రెండు మార్చితే ఫలితం వస్తుంది గాని, అది దేని ఫలితమో తెలియదు.

రెండు మట్టి మూకుళ్ళలో పెసలు నానేసి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టించాను. నీళ్ళు మాత్రం రెండిటికీ సమానంగా పొయ్యమన్నాను. మా వీరులు ఎండలో ఉన్నదానికి జాలిపడి రెండింతలు నీళ్ళు పోశారు. రెండూ ఒకేలా మొలిచాయి. చూశారా, ఎండకీ నీడకీ తేడా లేదన్నారు. అంతా అయ్యాక తల పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మధ్యాహ్నం బెల్లు కొట్టాక అందరూ పరిగెత్తారు గాని వల్లి అనే పిల్ల మాత్రం మూకుళ్ళ దగ్గరే నిలబడి ఉంది. మాటలు తక్కువ పిల్ల. ఏం కావాలే అని విసుక్కున్నాను కూడా.

“టీచర్, మా ఇంట్లో గూడా రెండు ఒకేసారి మారినాయి” అంది.

విషయం ఆ పిల్ల చెప్పిన వరుసలో కాకుండా నాకు అర్థమైన వరుసలో చెబుతాను. వల్లి వాళ్ళ ఇంట్లో రెండు గుంత మగ్గాలు. నేల తవ్వి, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసేవి. ఒకటి నాయన మునిరత్నానిది, ఒకటి అమ్మది. కైలీలు, అంటే గళ్ళ లుంగీలు నేసేవాళ్ళు. నాయన చెల్లెలు రుక్కమ్మకు ఎండాకాలంలో, చిత్తిరై నెలలో మొగుడు పోయాడు. పిల్లలు లేరు. అన్న ఇంటికి తీసుకొచ్చారు. ఆమె పడుకోవడానికి చోటు కావాలి కదా అని మునిరత్నం తన మగ్గాన్ని పాత కూటం నుంచి, అంటే ఇంట్లోని పెద్ద గదిలోంచి తీసేసి, ఇంటి పక్కన కొత్తగా వేసిన రేకుల చావిట్లోకి మార్చాడు, అమ్మది కూటంలోనే ఉండిపోయింది. అప్పట్నుంచి అతని మగ్గంలో పడుగు దారాలు తెగడం మొదలుపెట్టాయి. పడుగంటే మగ్గం మీద పొడుగునా బిగించి ఉండే దారాలు. ఒక్కటి తెగినా నేత ఆపాలి, తెగిన కొసలు వెతికి పట్టుకుని అతకాలి. జులై సగంలో ఆడి నెల వచ్చి పడమటి గాలి మొదలయ్యాక నేసే సమయం కంటే అతికే సమయమే ఎక్కువైంది.

ఆడి గాలికి దారాలు తెగుతాయని ఆ వీధిలో పసిపిల్లకు కూడా తెలుసు. కానీ వల్లి వాళ్ళ అవ్వ గట్టి మనిషి. ఆమె అడిగింది ఏమిటంటే, ఆడి గాలి ప్రతి ఏడూ వస్తుంది, ఇంతగా ఏ ఏడు తెగినాయి? ఈ ఏడు ఇంట్లో కొత్తగా వచ్చింది ఏమిటి? రుక్కమ్మ. దానికి రాశి లేదు, అంటే అదృష్టం లేదు, కట్టుకున్నవాణ్ణి తిన్నది, ఇప్పుడు అన్న మగ్గం మీద పడింది. మరి అమ్మ మగ్గంలో ఎందుకు తెగడం లేదని వల్లి అడిగితే, సంపాదించే మగవాడి మగ్గానికే తగులుతుందని అవ్వ జవాబు. ఇందులో నన్ను కుంగదీసిన సంగతి ఒకటుంది. రుక్కమ్మ అవ్వకు పరాయిది కాదు, కడుపున పుట్టిన కూతురు.

ఆడి నెలలో ఎవరినీ ఇంటి నుంచి సాగనంపరు కాబట్టి, ఆ తర్వాతి నెల ఆవణి మొదటి రోజున రుక్కమ్మను కడంబత్తూరుకు, చచ్చిపోయిన మొగుడి అన్న ఇంటికి పంపేయాలని అనుకున్నారు. అక్కడ ఆమెను ఎవరూ పిలవలేదు. పొలం పనికి ఒక మనిషి వస్తుంది కదా అని ఒప్పుకున్నారంతే. వల్లి రాత్రుళ్ళు పడుకునేది అత్త పక్కనే. ఆ పిల్లకు కావలసింది అత్త ఇంట్లో ఉండడం. అందుకోసం సైన్సును నమ్ముకుని నా దగ్గరికి వచ్చింది.

రేకుల కప్పును ఎవరూ ఎందుకు అనుమానించలేదని మీరు అడగవచ్చు. ఆ వీధిలో అన్నీ తాటాకు ఇళ్ళు. రేకులు వేసిన మొదటివాడు మునిరత్నం. తిరుత్తణి నుంచి బండి మీద తెప్పించి, కింద నాపరాళ్ళు కూడా పరిపించాడు. చూడటానికి చుట్టాలు వచ్చారు. ఇంటికి గొప్ప తెచ్చినదాన్ని ఎవరైనా తప్పుపడతారా? మట్టి నేల, తాటాకు కప్పు ఉన్న కూటంలో ఎప్పుడూ చల్లటి చెమ్మ ఉండేది. నూలుకు ఆ చెమ్మే బలం. రేకుల కింద, రాళ్ళ మీద, ఆడి గాలి సూటిగా కొట్టే చోట దారం ఎండి పెళుసెక్కుతుంది. నాకు అలా తోచింది, వల్లికీ తోచింది. కానీ తోచడం వేరు, తేల్చడం వేరు.

అత్తను మార్చడానికి వీల్లేదు. కాబట్టి అత్తను అలాగే ఉంచి చెమ్మను మార్చాలి. ఇద్దరం బడి అరుగు మీద కూర్చుని ఆలోచించాం. కొన్నాళ్ళు ఏమీ చెయ్యకుండా ఉన్నదున్నట్టు నెయ్యాలి. తర్వాత కొన్నాళ్ళు గాలి వచ్చే వైపు తడి గోనెపట్టాలు కట్టి, గుంత చుట్టూ నీళ్ళు చల్లి నెయ్యాలి. మనిషీ, మగ్గమూ, పడుగూ, రుక్కమ్మా మారకూడదు. దారం తెగినప్పుడల్లా ఒక చింతగింజ కొబ్బరిచిప్పలో వెయ్యాలి. గోనెలు లేని రోజులకు ఒక చిప్ప, ఉన్న రోజులకు ఒక చిప్ప. గింజ వేసేది మునిరత్నమే కావాలని నేను పట్టుబట్టాను. రుక్కమ్మ ఆ చిప్పలను తాకితే, తన తీర్పు తానే రాసుకుందంటారు.

మునిరత్నం ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఒప్పుకున్నాడు. చదువుకునే బిడ్డ అడిగిందని పైకి అన్నాడట. చెల్లెలి మీద ప్రేమ ఉందని తల్లి ముందు చెప్పలేనివాడికి ఆ సాకు దొరికిందేమో.

మొదటి చిప్ప నిండుతూ వచ్చింది. గోనెలు కట్టాక రెండో చిప్పలో గింజలు పడడం తగ్గింది. వల్లి ఎగురుకుంటూ వచ్చి చెప్పింది. నేను సంతోషించకుండా, ఇప్పుడు గోనెలు తీసేయమను అన్నాను. గాలే తగ్గి ఉండవచ్చు కదా, మళ్ళీ తీసి చూస్తేనే తెలుస్తుంది. తెగుతాయని తెలిసి తెలిసి తీయించడానికి ఆ పిల్ల నాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. కూలి పడిపోయే రోజులు. అయినా మునిరత్నం తీశాడు. దారాలు మళ్ళీ పటపటా తెగాయి, మొదటి చిప్పలో గింజలు మళ్ళీ పెరిగాయి. బడి పిల్లలు చేసిన ప్రయోగాల్లో అంత శుభ్రమైనది నేను అంతకు ముందు చూడలేదు.

శనివారం నాడు వల్లి వెంట వాళ్ళింటికి వెళ్ళాను. తను చెబితే వినరు, మీరు చెప్పండి టీచర్ అని బతిమాలింది. మునిరత్నం మగ్గం దిగి వచ్చి తుండుగుడ్డ భుజాన సర్దుకుని నిలబడ్డాడు. అవ్వ గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని ఉంది. లోపల గోడ వారగా రుక్కమ్మ కండెలకు దారం చుడుతోంది, తల ఎత్తలేదు. బక్కపలచటి మనిషి, ముప్పై దాటి ఉండవు. రెండు చిప్పలూ అవ్వ ముందు పెట్టి, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. రుక్కమ్మ అన్ని రోజులూ ఇక్కడే ఉంది, గాలి అన్ని రోజులూ ఉంది, మారింది తడి ఒక్కటే, దానితో పాటే దారం మారింది.

మునిరత్నం తల ఊపాడు. నిజమే టీచరమ్మా, రేకుల వేడి నాకు తోచకపాయె అన్నాడు. అవ్వ చిప్పలో గింజలు చేత్తో కలిపి చూసింది. తర్వాత గొంతు తగ్గించి నాతో ఒక్క మాట అంది.

“నా కూతురే టీచరమ్మా. దాన్ని పంపేది నాకు మాత్రం ఇష్టమా?”

ఆ మాటతో గెలిచామనుకున్నాను. సాయంత్రం రైల్లో నాకు సీటు దొరకలేదు గాని ఆ సంగతే తెలియలేదు.

ఆడి అయిపోయింది. ఆవణి వచ్చిన వారంలో వల్లి రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. తరగతి అయ్యాక పిలిచి అడిగాను. అత్తను పంపేసినారు అంది. గోనెల సంగతి అవ్వ కాదనలేదట. గోనెలు కట్టుకోండి, మంచిదే, కానీ కడంబత్తూరు వాళ్ళకు మాట ఇచ్చినాము, ఎందుకైనా మంచిది అందట. ఆ ‘ఎందుకైనా మంచిది’ అన్న మాట మీద నాకు ఇప్పటికీ కోపం. మనవాళ్ళు మనుషులకు చేసే అన్యాయాల్లో సగం ఆ మాట చాటునే చేస్తారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆడి పోవడంతో గాలి ఆగింది. సాయంత్రాలు వానలు పడ్డాయి. గోనెలు కట్టకపోయినా దారాలు తెగడం మానేశాయి. ఆ రుక్కమ్మ పోయింది, మగ్గం కుదురుకుంది అని వీధి వీధంతా అనుకున్నారు. వల్లి నా బల్ల దగ్గరికి ఖాళీ చిప్పతో వచ్చింది.

“మళ్ళా రెండూ ఒకేసారి మారినాయి టీచర్. గాలి పోయింది, అత్తా పోయింది. ఏది పోతే ఆగినాదో ఇంగెట్లా తెలుస్తాది?”

ఆడి నెలలో మనిషిని సాగనంపకూడదన్న ఆచారం వల్లే ఆ రెండూ ఒకే రోజున పడ్డాయి. అంతకు ముందే పంపి ఉంటే, ఆమె లేకుండానే ఆ గాలికి దారాలు తెగడం అందరూ చూసేవాళ్ళు. ఇప్పుడు తేల్చడానికి ఒక్కటే దారి. గాలి లేని ఈ రోజుల్లో అత్త తిరిగి రావాలి. దారాలు తెగకపోతే ఆమె వల్ల కాదని తేలుతుంది. ఈ మాట వల్లి అవ్వతో ఎలా చెప్పిందో గాని, అవ్వ ఒప్పుకుంది. వారం రోజులు వచ్చి ఉండమను, చూద్దాము అందట. కూతుర్ని చూడాలని ఆమెకూ ఉండే ఉంటుంది, అడగడానికి నోరు రాక ఈ సాకు పట్టుకుంది. నేను రోజూ కడంబత్తూరు మీదుగానే ఇంటికి పోతాను కాబట్టి, కబురు నన్ను చెప్పమన్నారు.

కడంబత్తూరులో దిగి అడుగుతూ వెళితే ఊరి చివర వేరుశెనగ చేలో కలుపు తీస్తూ కనబడింది. మట్టి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గట్టు మీదికి వచ్చింది. ముందు వల్లి తింటోందా, చదువుతోందా అని అడిగింది. మునిరత్నం మగ్గం గురించి అడిగింది. బాగా ఆడుతోందని చెప్పాను. సంతోషం అంది, నిజంగానే అంది. అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. వారం రోజులు వచ్చి ఉంటే చాలు, అంతా తేలిపోతుంది, గాలి లేదు, చెమ్మ బాగుంది, దారాలు తెగవు అని ధైర్యం చెప్పాను.

ఆమె గట్టు మీద పడిన కలుపు మొక్క ఒకటి తీసి అవతల పారేసింది.

“మగ్గమన్నాక దారం తెగకుండా ఉంటాదా టీచరమ్మా? వానల్లో గూడా దినానికి ఒకటో రెండో తెగతాయి, ఎవురూ పట్టించుకోరు. నేను పొయ్యిన దినం ఒక్కటి తెగితే చాలు. అది నా గింజే అయిపోతాది” అంది.

ఏదో ఒకటి చెప్పాలని, మరి తెగకపోతే అని అడిగాను.

“తెగకపోతే వారం చాలదంటారు. మా అమ్మ నాకు తెలీదా? ఆమెకు నేనంటే ఇష్టమే. భయం దానికన్నా జాస్తి. నన్ను మళ్ళా మళ్ళా పెట్టి తీసి చూడొద్దండి. నేనింక ఈడనే ఉండిపోతాను.”

వల్లికి ఇవ్వమని పచ్చి శెనక్కాయలు కొంగులో నుంచి తీసి నా సంచీలో పోసింది. స్టేషనుకు నడుస్తుంటే దుఃఖం ఆగలేదు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా ఏడ్చాను.

మర్నాడు వల్లికి అత్త రాదని మాత్రమే చెప్పబోయాను గాని, ఆ పిల్ల వదల్లేదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. శెనక్కాయలు తీసుకుంది. తినలేదు, ఇంట్లో అవ్వకు ఇచ్చిందని తర్వాత తెలిసింది. అవ్వ వాటిని ఒక్కొక్కటే వలిచి, తినకుండా చేటలో పెట్టుకుని కూర్చుందట.

మరుసటి ఏడు ఆ ఊళ్ళో బావులు అడుగంటాయి. తాగడానికే నీళ్ళు కష్టంగా ఉంటే గోనెలకు ఎవరు పోస్తారు? ఆడి గాలి వచ్చింది. రేకుల చావిట్లో మునిరత్నం పడుగు మళ్ళీ తెగడం మొదలైంది. ఈసారి రుక్కమ్మ ఆ ఇంట్లో లేదు, ఊళ్ళోనే లేదు. ఎనిమిదో తరగతిలో ఉన్న వల్లి ఆ పొద్దున్న నేను బస్సు దిగే చోటికే పరిగెత్తుకుంటూ వచ్చింది. మనం కోరినా జరగని ప్రయోగం దానంతట అదే జరిగింది. అత్త లేదు, గాలి ఉంది, దారం తెగింది. ఇంతకంటే సాక్ష్యం ఏ సైన్సు పుస్తకమూ అడగదు. సాయంత్రం అవ్వకు చెబుతానని ఆ పిల్ల మొహమంతా వెలుగుతో ఇంటికి పోయింది.

మర్నాడు ఆ వెలుగు లేదు. అవ్వ ఏమందని అడిగాను.

“ఆడ కూర్చోని ఏడస్తా ఉంటాది, ఆడబిడ్డ ఏడుపు ఇంటికి తగల్తాది అనింది టీచర్.”

ఆ మాట అంటూ అవ్వ కూడా ఏడ్చిందట. కూతురు ఇంట్లో ఉంటే ఆమె రాశి వల్ల తెగాయి, దూరంగా ఉంటే ఆమె కన్నీటి వల్ల తెగాయి. మునిరత్నం విని, మగ్గం గుంతలోకి దిగి తెగిన కొసలు వెతుక్కున్నాడట. రుక్కమ్మను తిరిగి పిలుద్దామని ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ అనలేదు. నాకు తెలిసి ఆమె కడంబత్తూరు చేలల్లోనే ఉండిపోయింది. చాలా ఏళ్ళు ఆ స్టేషను వచ్చినప్పుడు నేను కిటికీ వైపు కూర్చునేదాన్ని కాదు.

ఆ తర్వాత కూడా నేను అదే పాఠం చెప్పాను, అవే పెసలు నానేయించాను. రెండు మాత్రం మార్చుకున్నాను. మొదటిది, ఏమీ చెయ్యని మూకుట్లో కూడా కొన్ని గింజలు మొలవవు, ముందు వాటిని లెక్క పెట్టండి, ఆ తర్వాతే ఎవరి మీదైనా నేరం మోపండి అని చెప్పేదాన్ని. రెండోది, నీళ్ళు పొయ్యకముందే ప్రతి పిల్లనూ నిలబెట్టి ఒక మాట చెప్పించేదాన్ని. ఏం జరిగితే నేను అనుకున్నది తప్పని ఒప్పుకుంటాను? ఆ మాట ముందే చెప్పలేనివాళ్ళకు ప్రయోగం వద్దు. వాళ్ళకు ఎన్ని చిప్పలు నింపి చూపించినా లాభం లేదు.

ఆ ఏడే ఎనిమిదో తరగతిలో ఒక ప్రయోగానికి ముందు మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు, వల్లి చివరి బెంచీలోంచి లేచింది.

“తెగినా తెగకపోయినా మా అవ్వ ఒప్పుకోదని మా అత్త పోయినేడే చెప్పినాది కదా టీచర్” అని కూర్చుంది.